నల్లరాయి, పసుపు గీత, నల్ల రేణువు

ఖమ్మం జిల్లా ఆగ్నేయ కొసన, సత్తుపల్లికి పొరుగున, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న వేంసూరు ప్రాంతం పైచూపుకు మామిడితోటలు, ఆయిల్‌పామ్ వరుసలు, చెరువుల కింది వరిమడులు కలగలిసిన నేల మాత్రమే. అక్కడి నుంచి ఉత్తరానికి సాగేకొద్దీ సాగుభూమి పలచబడి, దమ్మపేట, అశ్వారావుపేటల దిక్కుగా కోయపల్లెలూ, టేకు, ఇప్ప చెట్లూ, ఆపైన భద్రాచలం అడవీ వస్తాయి. ఒకప్పుడు వేంసూరు పేరుతోనే ఉన్న నియోజకవర్గం నుంచి శాసనసభకు ఎన్నికైన జలగం వెంగళరావు 1973 నుంచి 1978 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆ పేరునే సింగరేణి సంస్థ సత్తుపల్లి పక్కన తాను తవ్వుతున్న ఉపరితల గనికి పెట్టింది. జేవీఆర్ ఓపెన్‌కాస్టుగా జనం నోట నలిగిన ఆ గని, తోటల మధ్య బతుకుతున్న ఈ ప్రాంతానికి కాళ్లకింద మరొక చరిత్ర ఉన్నదని ప్రతిరోజూ గుర్తుచేస్తూ ఉంటుంది.

పిల్లల పుస్తకాలూ పత్రికల ఆదివారపు పుటలూ 'మీకు తెలుసా' అనే శీర్షిక కింద అచ్చువేసే విశేషాలు సాధారణంగా ఊరూ పేరూ లేని వింతలుగా చెలామణి అవుతుంటాయి. మొదట సూర్యుడిలో కనబడి ఆ తరువాత ఎప్పటికో భూమిపై దొరికిన మూలకం, నేడు ఎండలు మండే దేశం ఒకనాడు మంచుగడ్డ కింద ఉండటం, దోమ కడుపులో బయటపడిన జ్వర రహస్యం అలాంటివే. ఈ మూడింటికీ తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది: మొదటిదానికి 1868 నాటి గుంటూరు, రెండవదానికి 1871 నాటి ఇల్లందు, మూడవదానికి 1897 నాటి సికింద్రాబాదు. ముప్పై ఏళ్ల వ్యవధిలో ఆకాశం, నేల, మనిషి ఒళ్లు అనే మూడింటి గురించి లోకపు ఊహను మార్చిన పరిశీలనలు ఇంత చిన్న పరిధిలో జరగడం యాదృచ్ఛికమే కావచ్చు; అయినా ఆ పరిశీలనలు ఎవరి కళ్లతో, ఎవరి కాళ్లతో, చివరికి ఎవరి నెత్తురుతో సాగాయో తెలుసుకోవడం చరిత్రకారుడి పని. వీటిలో వేంసూరుకు అతి దగ్గరిది నేల కథ కనుక, నిదానంగా చూడవలసినదీ అదే.

ఇల్లందును ఆ చుట్టుపక్కల జనం నేటికీ 'బొగ్గుట్ట' అంటారు. అక్కడి బొగ్గు ఎలా బయటపడిందన్న దానికి ఒక కథ తరతరాలుగా వాడుకలో ఉంది: భద్రాచలం రామయ్య దర్శనానికి కాలినడకన పోతున్న యాత్రికులు అడవిలో ఆగి, దొరికిన నల్లరాళ్లు మూడు పేర్చి పొయ్యి పెట్టుకొంటే, కట్టెలతో పాటు పొయ్యిరాళ్లూ అంటుకొన్నాయట. ఈ కథకు తేదీ లేదు, యాత్రికుల పేర్లూ లేవు. అలాగని దాన్ని కొట్టిపారేయనక్కరలేదు. బొగ్గు పొర వాలుగా పైకి వచ్చి నేల మీద తేలే చోటును భూగర్భశాస్త్రంలో 'బహిర్గతం' అంటారు. ఇల్లందు పరిసరాల్లో అలాంటి చోట్లు ఉన్నందువల్లనే తొలి తవ్వకాలు అక్కడ మొదలయ్యాయి. నల్లరాయి మండుతుందని అడవిదారి నడిచినవారికీ, ఆ అడవిలోనే బతికినవారికీ ముందే తెలిసి ఉండటం సహజం. ఆ ఎరుక కాగితం మీదికి ఎక్కడానికి మాత్రం ఒక సర్వే ఉద్యోగి రావలసి వచ్చింది.

ఆయన పేరు విలియం కింగ్. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసే ఈయన 1871లో నిజాం రాజ్యంలో, ఇల్లందు దగ్గరి సింగరేణి గ్రామ సమీపాన బొగ్గు పొరలను గుర్తించాడు. ఆ చిన్న పల్లె పేరే తరువాత వందల మైళ్ల పొడవున సాగిన గనులన్నిటికీ ఇంటిపేరు అయింది. ప్రాణహిత–గోదావరి లోయ శిలల గురించి ఆయన రాసిన బృహత్ నివేదిక 1881లో వెలువడింది. 1887లో ఆయన సర్వే సంస్థకే అధిపతి అయ్యాడు. కొత్తగూడెం, ఇల్లందు బాయిల్లో, అంటే గనుల్లో, ప్రధానమైన బొగ్గు పొరకు 'కింగ్ సీమ్' అనే పేరు ఆయన జ్ఞాపకంగా వచ్చినదే, మరొక పొరకు 'క్వీన్ సీమ్' అనే పేరు ఉంది. రాజు ఉన్నచోట రాణి లేకపోతే ఎట్లా అని ఎవరో అనుకొన్నట్టుంది.

కింగ్ కుటుంబం గురించిన ఒక సంగతి ఇక్కడ చెప్పదగినది. ఆయన తండ్రి పేరూ విలియం కింగే. ఐర్లండులోని గాల్వే కళాశాలలో ఆచార్యుడైన ఆ తండ్రి, జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన పుర్రె నేటి మనుషులది కాదనీ, వేరొక మానవజాతిదనీ వాదించి, దానికి 1860ల తొలి సంవత్సరాల్లో 'హోమో నియాండర్తలెన్సిస్' అని శాస్త్రనామం పెట్టాడు. అదే కాలంలో, 1863లో, కొడుకు కింగ్, సర్వే సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్‌తో కలిసి మద్రాసు దగ్గరి అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతిపనిముట్లు సేకరించాడు. తండ్రి వేరు చేసి చూపిన ఆ నియాండర్తల్ జాతి పూర్తిగా అంతరించలేదని 2010లో స్వాంటె పాబో బృందం జన్యు పరిశోధన ద్వారా తేల్చింది. ఆఫ్రికా వెలుపలి ప్రజలందరి జన్యుపదార్థంలోనూ సుమారు ఒకటి రెండు శాతం వారి నుంచి వచ్చినదే. వేంసూరు మడిలో నాట్లు వేసే కూలీ ఒంట్లోనూ, ఆమె వెనక గట్టు మీద నిల్చున్న ఆసామి ఒంట్లోనూ ఆ పాలు ఉంది. తండ్రీకొడుకులు చెరొక వైపు నుంచి తడిమిన విషయాలు ఇంత ఆలస్యంగా ఒకచోట కలవడం శాస్త్ర చరిత్రలోని చమత్కారాల్లో ఒకటి.

కింగ్ నివేదిక నుంచి గని దాకా సాగిన దారి వేగమైనదే. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది. 1889 నాటికి ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది, అదే సంవత్సరం నిజాం రైలు మార్గం బెజవాడ చేరడంతో బొగ్గుకు బయటి దారి దొరికింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరుతో సంస్థ నమోదైంది. నేడు దాని వాటాల్లో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. యంత్రాలు రాకముందు బాయిలో పని అంటే 'తట్టా చెమ్మస్' పని: పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పెద్ద పారతో తట్టకు ఎత్తి, తట్టను నెత్తిన మోసి టబ్బులో పోయడం. సింగరేణి చరిత్రలో ఆ తట్ట మోసినవారి పేర్లు వెతికినా దొరకవు గాని, చెమ్మస్ అనే మాట మాత్రం కార్మిక కుటుంబాల్లో ఇంకా బతికే ఉంది.

ఆ తట్టలో ఉన్న వస్తువు ఏమిటన్న ప్రశ్నకు వచ్చిన జవాబే అన్నిటికన్నా వింతైనది. బొగ్గు ఒకప్పటి చెట్టు అన్నమాట బడిపిల్లలకూ తెలుసు. ఏ చెట్టు, ఏ చలిలో పెరిగిన చెట్టు అన్నదే ఇక్కడి విశేషం. గోదావరి లోయ గనుల్లో బొగ్గు పొరకు పైనా కిందా షేలు అనే పలుచని పలకరాయి ఉంటుంది. బురద గట్టిపడి ఏర్పడిన ఈ రాయి, కత్తి మొన పెట్టి తడితే పుస్తకంలోని పుటల్లా విడిపోతుంది. అలా విడిన పుట మీద ఒక్కొక్కసారి జానెడు పొడవున నాలుక ఆకారంలో ఒక ఆకు ముద్ర కనిపిస్తుంది: నడుమ బలమైన నడిమి ఈనె, దాని నుంచి రెండు వైపులకూ వంపు తిరిగి ఒకదానితో ఒకటి అల్లుకొనే సన్నని ఈనెల వల. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బ్రోంజ్నియార్ 1828లో ఈ ఆకుకు 'గ్లోసోప్టెరిస్' అని పేరు పెట్టాడు. గ్రీకులో దానికి నాలుక ఫెర్న్ అని అర్థం. పేరు పెట్టడంలో పొరపాటు జరిగింది, ఎందుకంటే అది ఫెర్న్ కాదు, విత్తనాలు కాసే చెట్టు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ చెట్ల ఆకులు ఒకే పొరలో గుట్టలుగా దొరకడాన్ని బట్టి అవి శిశిరంలో ఆకు రాల్చేవని, శిలగా మారిన కాండాల్లో స్పష్టంగా కనిపించే ఏటేటి వలయాలను బట్టి కఠినమైన చలికాలాలు చూసినవని తెలుస్తుంది. సుమారు 27, 28 కోట్ల సంవత్సరాల కిందట చిత్తడి నేలల్లో రాలిన ఆ ఆకులూ కొమ్మలూ పూర్తిగా కుళ్లకుండా నీట మునిగి, పైన ఇసుకా బురదా పేరుకొని, ఆ బరువుకూ వేడికీ నీరంతా పోయి కర్బనం మిగిలితే ఏర్పడినదే సింగరేణి బొగ్గు. నదులు మోసుకొచ్చిన ఒండ్రు అందులో బాగా కలిసిపోవడం చేతనే భారతదేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. థర్మల్ కేంద్రాల పక్కన పెరిగే బూడిద గుట్టలు ఒక విధంగా ఆ పాతకాలపు వరదల మిగులే.

ఇంకా అడుగుకు పోతే సంగతి మరింత చిత్రంగా ఉంటుంది. బొగ్గు పొరలున్న శిలావర్గానికి 'బరాకర్' అని పేరు. దాని కింద 'తాల్చిర్' అనే మరొక వర్గం ఉంది. ఒడిశాలోని తాల్చేరు వద్ద 1856లో భూగర్భ సర్వేకు చెందిన బ్లాన్‌ఫర్డ్ సోదరులూ వారి సహచరులూ ఈ వర్గంలో మెత్తని బురదరాతి మధ్య పెద్దపెద్ద గుండ్లు చిక్కుకొని ఉండటం గమనించారు. నది అయితే బరువును బట్టి గుండ్లను ఒకచోట, ఇసుకను ఒకచోట, బురదను ఒకచోట వేరుచేసి వదులుతుంది. అన్నిటినీ కలగాపులగంగా ఒకేచోట కుమ్మరించేది ప్రధానంగా మంచునదే. ఉష్ణదేశంలో మంచునది అన్న మాటను ఆనాడు చాలామంది నమ్మలేదు. ఆ తరువాత చంద్రపూర్ దిక్కున పెన్‌గంగ ఒడ్డున ఇరాయి వద్ద, కదిలే మంచు కింద ఇరుక్కొన్న రాళ్లు గీరిన సమాంతర గీతలతో నునుపుదేలిన సున్నపురాతి తలం బయటపడింది. అటుపైన సందేహానికి చోటు మిగల్లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, రామగుండం గనుల శిలావరుసకు పునాది మంచు వదిలిన రాళ్లన్నమాట.

ఈ శిలలన్నిటికీ ఉమ్మడిగా 'గోండ్వానా' అనే పేరును భూగర్భ సర్వేకు చెందిన మెడ్లికాట్ 1872 ప్రాంతంలో గోండు రాజ్యాల పేరు మీద వాడుకలోకి తెచ్చాడు. ఆస్ట్రియా దేశపు ఎడ్వర్డ్ సూస్, ఇదే నాలుక ఆకు దక్షిణాఫ్రికాలోనూ దొరకడం చూసి, ఈ నేలలు ఒకప్పుడు ఒకే భూఖండమని ఊహించి, 1885లో దానికి 'గోండ్వానాలాండ్' అని నామకరణం చేశాడు. ఆదిలాబాదు, చంద్రపూర్, బస్తర్ అడవుల్లో బతికే ఒక జాతి పేరు ప్రపంచ భూగోళ గ్రంథాలన్నిటిలోకీ ఎక్కిన తీరు ఇది. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం, ఆకలితో, చలితో చివరి దశలో ఉండి కూడా బియర్డ్‌మోర్ హిమనది పక్కన సేకరించిన సుమారు 16 కిలోల రాళ్లను పారేయక స్లెడ్జి మీద లాక్కొంటూ వచ్చింది. ఆ ఏడాది నవంబరులో వారి శవాల పక్కన దొరికిన ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలు ఉన్నాయని 1914లో వృక్షశాస్త్రజ్ఞుడు సీవార్డ్ గుర్తించాడు. స్కాట్ చనిపోయిన 1912లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగ్‌నర్ ఖండాలు కదులుతాయన్న వాదాన్ని మొదటిసారి సభ ముందు పెట్టాడు. దక్షిణాన చలి అక్షాంశాల్లో అంటార్కిటికాకు చేరువగా ఉన్న భారతఖండం విడిపడి ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకొందని నేడు రుజువైంది. ఇప్పటికీ అది ఏటా సుమారు 5 సెంటీమీటర్లు కదులుతూనే ఉంది, అంటే మనిషి చేతిగోరు పెరిగే వేగానికి కాస్త ఎక్కువ.

ఈ పొరలు కోత పడిపోకుండా మిగలడానికి కారణం గోదావరి ప్రవహించే లోయ స్వభావమే. భూమి పైపెంకు రెండు వరుసల పగుళ్ల మధ్య కిందికి కుంగితే ఏర్పడే పొడవైన పల్లాన్ని పగులులోయ అంటారు. ప్రాణహిత నుంచి చింతలపూడి దాకా వాయవ్య–ఆగ్నేయ దిశలో సాగే ఈ పల్లం, ఇంటి అటక మీద దాచిన పాత సామానులా, పక్కల గట్టు మీద ఎప్పుడో కొట్టుకుపోయిన శిలలను తనలో భద్రపరచింది. సత్తుపల్లి బొగ్గు ఈ లోయలోని చింతలపూడి భాగానికి చెందినది. పగుళ్లు పూర్తిగా నిద్రపోలేదనడానికి 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద వచ్చిన 5.7 తీవ్రత గల భూకంపం ఒక సాక్ష్యం. మణుగూరు సమీపంలోని పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్ల నుంచి వేడినీరు ఉబికి రావడం మరొకటి. ఆ వేడితో చిన్నపాటి విద్యుత్ ప్లాంటును కూడా సింగరేణి సంస్థ ప్రయోగాత్మకంగా నడిపి చూసింది. బొగ్గు కన్నా పైన, అంటే తరువాతి కాలపు కోటా శిలల్లో, రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి: పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద సేకరించిన అస్థిపంజరాన్ని భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని లోకానికి పరిచయం చేశారు. తొమ్మిది మీటర్ల పొడవైన ఆ శాకాహారి జంతువు ఎముకలను హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఊరి పేరు రాక్షసబల్లికి దక్కడం తెలుగు పల్లెలకు రోజూ జరిగే సన్మానం కాదు.

మండే బొగ్గు ఇచ్చే వేడి ఆ పాత ఆకులు పట్టి దాచుకొన్న ఎండ. ఆ ఎండ సూర్యుడిలో ఎలా పుడుతుందన్న ప్రశ్నకు జవాబులోని ఒక ముఖ్యమైన మాట ఇల్లందుకు మూడేళ్ల ముందు గుంటూరు నుంచి బయలుదేరింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏడెన్ నుంచి దక్కను మీదుగా సియాం, అంటే నేటి థాయిలాండ్, దాకా సాగింది. వర్ణపట దర్శిని, అనగా వెలుగును పట్టకం గుండా పంపి రంగుల పట్టీగా విడదీసే పరికరం, ప్రయోగశాలలకు వచ్చి అప్పటికి పదేళ్లు కాలేదు. మండే ప్రతి మూలకానికీ ఆ పట్టీలో తనదైన గీతలు ఉంటాయి కనుక, గ్రహణ సమయంలో సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలలు దేనితో తయారయ్యాయో చదివి తెలుసుకొనే అవకాశం అదే మొదటిసారి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్, ఇంగ్లీషు సైన్యపు ఇంజినీరు టెనెంట్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు ఎక్కించారు. వేధశాలలోని భారతీయ సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరొక బృందానికి నాయకుడై నిజాం రాజ్యంలోని వనపర్తిలో మకాం పెట్టాడు. అంతకు ముందటి ఏడే ఒక చరనక్షత్రాన్ని, అనగా వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే తారను, కనిపెట్టిన పండితుడాయన.

జ్వాలల వెలుగులో ప్రకాశవంతమైన గీతలు కనబడటంతో అవి వాయువులని తేలింది, ఎక్కువ భాగం ఉదజని. గీతలు అంత కాంతితో ఉన్నప్పుడు గ్రహణంతో పనేమిటని జాన్సెన్‌కు తోచి, మరునాడే గుంటూరులో మామూలు ఎండలోనే ఆ జ్వాలలను చూడగలిగాడు. ఇదే ఉపాయాన్ని ఆ అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రజ్ఞుడు లాక్యర్ స్వతంత్రంగా సాధించగా, ఇద్దరి ఉత్తరాలూ ఒకే రోజు, అక్టోబరు 26న, పారిస్ అకాడమీ ముందుకు వచ్చాయి. ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ కలిపి ఒక పతకం ముద్రించింది. జ్వాలల వర్ణపటంలో ఉన్న ఒక పసుపు గీత, ఉప్పులోని సోడియం గీతలకు పక్కనే ఉన్నా వాటితో సరిపోలక, తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. దానిని కొత్త మూలకంగా ఊహించి, గ్రీకులో సూర్యుడి పేరు మీద 'హీలియం' అనడం లాక్యర్ వైపు నుంచి జరిగింది. కాబట్టి 'హీలియం గుంటూరులో కనుగొనబడింది' అని తరచు వినిపించే మాట కొంత సాగదీసినదే. గుంటూరులో కనిపించినది గీత, దాన్ని మూలకంగా గుర్తించినది తరువాతి తర్కం. భూమి మీద ఆ వాయువును రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే 1895లో యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వేరుచేసేదాకా చాలామంది దాన్ని నమ్మనే లేదు. ఉదజని హీలియంగా మారడమే సూర్యుడి వెలుగుకు మూలమని ఇరవయ్యో శతాబ్దంలో తెలిసింది. ఆ మార్పులోంచి వచ్చిన వెలుగునే గ్లోసోప్టెరిస్ ఆకు పట్టుకొన్నది.

అదే గ్రహణాన్ని సియాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణించి, చూడటానికి విదేశీ అతిథులను వెంటబెట్టుకొని హువాకో అనే చిత్తడి తీరానికి వెళ్లాడు. గణితం సరిపోయింది, కాని అక్కడ పట్టుకొన్న మలేరియాతో ఆయన ఆ ఏడు అక్టోబరు 1న మరణించాడు. సూర్యుడి అంచున ఏ వాయువు మండుతున్నదో చెప్పగలిగిన ఆ సంవత్సరంలో, జ్వరం ఎలా సోకుతుందో చెప్పగలవాడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకే చెడుగాలి అని అర్థం. భద్రాచలం, రంప అడవుల వైపు దాన్ని మన్యపు జ్వరమనీ చలిజ్వరమనీ అనేవారు. 1879లో మొదలైన రంప పితూరీని అణచడానికి వెళ్లిన సిపాయిలను తూటాల కన్నా ఈ జ్వరమే ఎక్కువగా పడగొట్టింది.

మలేరియా సూక్ష్మజీవిని అల్జీరియాలో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో రోగి రక్తంలో చూశాడు; అది ఒక ఒంటి నుంచి మరొక ఒంటికి ఎలా చేరుతుందన్నది తేలలేదు. ఆ ముడి సికింద్రాబాదు బేగంపేటలోని చిన్న సైనిక ఆసుపత్రిలో విడిపోయింది. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ రెండేళ్ల పాటు తప్పుడు జాతి దోమలను కోసి విసిగిపోయాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంఖా కూడా ఊపనిచ్చేవాడు కాదు. 1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, రెక్కలపై మచ్చలున్న వేరొక జాతి దోమలు కుట్టాయి. దోమకు ఒక అణా చొప్పున అతనికి డబ్బు ముట్టింది. ఆగస్టు 20న, మిగిలిన రెండు దోమల్లో ఒకదాని కడుపు గోడలో గుండ్రని కణాలూ, వాటిలో నల్లని రేణువులూ కనిపించాయి. ఆ రేణువులే అసలు గుర్తు. పరాన్నజీవి మనిషి ఎర్రకణంలో చొరబడి అందులోని హిమోగ్లోబిన్‌ను తిన్నప్పుడు, జీర్ణం కాని ఇనుము గల భాగం నల్లని స్ఫటికంగా మిగులుతుంది. దోమ ఒంట్లో అలాంటి పదార్థం సహజంగా ఉండదు కనుక, అది మనిషి రక్తంలోంచి వచ్చిన జీవి ఆనవాలేనని రాస్ గ్రహించాడు. పూర్తి చక్రాన్ని ఆయన 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై రుజువు చేయగా, మనుషుల విషయంలో ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. నోబెల్ మాత్రం 1902లో రాస్‌కు వచ్చింది. మనిషి ఒంట్లో మొత్తం ఇనుము సుమారు నాలుగు గ్రాములే, ఆ లోహం పుట్టినది నక్షత్రాల గర్భంలో. గుంటూరులో సూర్యుడిని చదివిన పరికరం వంటిదే సూర్యుడిలోనూ ఇనుము ఉందని అంతకు ముందే చూపింది.

ఈ జ్వరం ఒంటి మీద వదిలిన మరొక ముద్ర అడవి అంచు పల్లెల్లో నేటికీ కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ నిర్మాణంలో ఒకే ఒక్క అణుఖండం మారితే ఎర్రకణం కొడవలిలా వంగే లక్షణం వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది సంక్రమిస్తే సికిల్ సెల్ అనే బాధాకరమైన జబ్బు, ఒక్కరి నుంచే వస్తే మాత్రం ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ. ఈ రక్షణను 1954లో ఆఫ్రికాలో ఆంథొనీ ఆలిసన్ నిరూపించాడు. కోయలతో సహా గోదావరి లోయ ఆదివాసుల్లో ఈ లక్షణం ఉండటానికి తరతరాల మన్యపు జ్వరమే కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. కనుక అది వారి 'లోపం' అనడం సరికాదు. అడవిలో బతికి బట్టకట్టడానికి వారి పూర్వుల నెత్తురు చెల్లించిన ధర అనడమే సబబు.

తిరిగి సత్తుపల్లి గనికి వస్తే, కొత్తగూడెం నుంచి అక్కడికి సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో పూర్తయి, బొగ్గు ఇప్పుడు వ్యాగన్లలో పోతున్నది. బొగ్గు పైనున్న ఇసుకరాయీ పలకరాయీ మాత్రం పనికిరాని మట్టిగా లెక్కకు వచ్చి, గుట్టలుగా పోసి, వాన తగిలి పొడైపోతున్నాయి. ఆ పలకల్లో కొన్నిటి మీద నాలుక ఆకు ఉండవచ్చు. సంస్థ అనుమతితో, గని భద్రతా అధికారులే ఎంచి ఇచ్చిన ఒక్కొక్క పలక వేంసూరు, సత్తుపల్లి, దమ్మపేట ఉన్నత పాఠశాలల సైన్సు అల్మారాలకు చేరితే, దాని పక్కన ఇది దక్షిణ ధ్రువపు రాళ్లలోనూ దొరికిన ఆకు అని ఒక్క వాక్యం రాసిపెడితే, అందుకు అయ్యే ఖర్చు అట్టముక్కా, జిగురూ. ఉపాధ్యాయులు అడగాలి, సంస్థ ఇవ్వాలి; గుట్టలు చదునుచేసి మొక్కలు నాటేలోగానే ఆ పని జరగాలి.